గేటుకి వేలాడిన తేలుకొండి కట్ట

మీకు సీతాకోకచిలుకలంటే ఇష్టం లేదు. ఇష్టమని అబద్ధం చెబుతున్నారు. మీకు ఇష్టమైనవి కర్టెన్ల మీద అచ్చేసినవి, పాప పుట్టినరోజు కేకు మీద పంచదారతో పోసినవి, అపార్ట్‌మెంటు వెనక గట్టు మీద ఫైబర్‌తో చేసి రంగులేసిన నాలుగడుగుల రెక్కలు. ఆ రెక్కల మధ్య నిలబడి ఫోటో దిగడం ఇంకా ఇష్టం. ప్రాణమున్న సీతాకోకచిలుకకి ఏ ఆకు కావాలో ఆ ఆకుని మాత్రం పిచ్చిమొక్క అంటారు. మనిషిని పిలిచి పీకిస్తారు. పీకించాక, అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో అంటారు.

కోపం వచ్చిందా? రానివ్వండి. ఈ ముద్దాయిల వరసలో నేనూ ఉన్నాను. ఎక్కడున్నానో మధ్యలో చెబుతాను, దాచుకోను.

పోయిన బుధవారం పొద్దున మా మేస్త్రిగారు చనిపోయారు. ఊదుబత్తి మేస్త్రి. సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంటు వెనక గోడకి అవతల, సందులో మూడో ఇంట్లో, కూతురి దగ్గర ఉండేవారు. ఎనభైకి రెండు తక్కువ. ఆయన కూతురే నాకు ఫోన్ చేసింది.

"అక్కా, నాయన పోయినాడు. కాఫీ తాగి లోటా కింద పెట్టినాడు. గిరాకీ వచ్చిండాదేమో చూసి రా పో అన్నాడు. నేను గేటు కాడికి పోయి చూసి వచ్చేలోపల పోయిండాడు."

కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "ఆరు వచ్చిండాయక్కా. చెప్పేకి లేకపాయె," అంది.

గిరాకీ అంటే ఆయన లెక్కలో సీతాకోకచిలుకలు. ఈ ఆదివారం మా అపార్ట్‌మెంటు అసోసియేషన్, వాటికి కావలసిన మొక్కలున్న గట్టు మీదికి రెండోసారి మొక్కలు పీకే మిషన్ తోలబోతోంది. అందుకే ఇది పోయిన మనిషిని తలుచుకోవడంతో ఆగదు. మీతో, అంటే మా అపార్ట్‌మెంటు వాళ్ళతో, తగవు కూడా పడాలి. ఆయన ఉంటే, "తగవు తర్వాత, ముందు కాఫీ," అనేవారు. సరే, ముందు ఆయన సంగతి.

మూడేళ్ళ కిందట, తొలి జల్లులు పడ్డ వారంలో, కూరగాయల బండి కోసం వెనక గేటు దాటి ఆ సందులోకి వెళ్ళాను. మూడో ఇంటి గేటు కమ్మీకి, నడుము ఎత్తులో, వాడిపోయిన మొక్కల కట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. అరటినారతో ముడి. నిమ్మకాయలూ మిరపకాయలూ చాలలేదు కాబోలు, ఇప్పుడు గడ్డి కూడా కడుతున్నారు అనుకున్నాను. నా సంగతి మీకు తెలుసు. దిష్టి గుమ్మడికాయ నడిరోడ్డు మీద పగలగొట్టి బండివాళ్ళ నడుములు విరగ్గొట్టే భక్తుల మీద నేను రాసినన్ని వ్యాసాలు ఇంకెవరూ రాసి ఉండరు. గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీలో, గోధుమరంగు స్వెటరూ మంకీ క్యాపూ వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఇంకేం, దొరికారు.

"పెద్దాయనా, ఈ దిష్టి కట్ట ఎందుకండీ?" అని మొదలుపెట్టాను.

మొదలుపెట్టాక నేను తొందరగా ఆగను. దిష్టి అనేది లేదన్నాను. భయాన్ని కట్టలు కట్టి అమ్మేవాళ్ళ వ్యాపారమన్నాను. ఇంత పెద్ద ఊళ్ళో ఉంటూ ఈ పనులేమిటన్నాను. పది నిమిషాలు సాగింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కుడిచేతి స్వెటర్ అంచుని ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూస్తున్నట్టుగా, మెల్లగా తలూపుతూ విన్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే లోపలికి తిరిగి కేకేశారు.

"పాపా, ఇంకొక కాఫీ పెట్టు. అమ్మణ్ణికి గొంతు ఆరిపోయిండాది."

తర్వాత నాతో, "నువ్వు చెప్పింది అంతా సరే అమ్మణ్ణీ. దిష్టి లేదు. నేనూ నమ్మను. ఆ కట్ట దిష్టికి కాదు. కొంచెం ఇట్ల జరుగు, వాళ్ళకి అడ్డం నిలబడిండావు," అన్నారు.

"ఎవరికి?"

"ఎనక చూడు."

నల్ల రెక్కల మీద లేత నీలం గీతలూ చుక్కలూ. ఒకటి కాదు, నాలుగు. గాలికి ఎదురుగా, తాగిన మనిషిలా అటూ ఇటూ ఊగుతూ సందు చివరి నుంచి వచ్చాయి. నా భుజం పక్కనుంచి వెళ్ళి కట్ట మీద వాలాయి. ఆ కట్టలో ఒక్క పువ్వు లేదు, చుక్క తేనె లేదు. ఎండి ముడుచుకుపోయిన ఆకులు, తేలు కొండిలా వంపు తిరిగిన కంకులు, అంతే. వాలినవి ముందు కాళ్ళతో ఆకుని గీకాయి. దారమంత తొండం చాపి ఆకు మీద తడి చేసి, ఆ తడినే మళ్ళీ పీల్చుకున్నాయి. నా వేలు జానెడు దూరంలోకి తీసుకెళ్ళినా కదల్లేదు.

నా ప్రసంగం మొత్తం నాలుగు పురుగుల ముందు ఓడిపోయింది. జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.

మేస్త్రిగారిది పాత పేటలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. నలభై ఏళ్ళకి పైగా ఊదుబత్తుల కార్ఖానాలో వాసనలు కలిపే పని. సాంబ్రాణి, వట్టివేరు, తుంగముస్తలు, కచ్చూరాలు, గంధపుపొడి, నూనెలు. ఏది ఎంత, ఏది ముందు, ఏది వెనక అన్నది ఆయన ముక్కులో ఉండేది, కాగితం మీద ఉండేది కాదు. కలిపే గదిలో ఫ్యాను వేయనిచ్చేవారు కాదట. గంటసేపు వాసనలు చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు తన చొక్కా చెయ్యి తానే వాసన చూసుకోవాలి. ఒంటి వాసన తగిలితే ముక్కు మళ్ళీ మొదటికొస్తుంది. అది ఆ పనివాళ్ళ పద్ధతి.

కరోనా వచ్చినప్పుడు ఆయన ముక్కు పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పని మానేసి కూతురి దగ్గరికి వచ్చేశారు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకోవడం మాత్రం మానలేదు.

"ఏం తెలుస్తుంది మేస్త్రిగారూ?" అని ఒకసారి అడిగాను. మొరటుగానే అడిగాను, నాకు మెత్తగా అడగడం రాదు.

"ఏమీ తెలీదు. సుమ్నే," అన్నారు. ఊరికే అని. "పళ్ళు ఊడినోడు కూడా నాలికతో తడుముకుంటాడు కదా."

సీతాకోకచిలుకల సంగతి ఆయనకి తెలిసింది ముక్కు పోయాకే. మా గోడకీ రాజకాలువెకీ, అంటే వాననీళ్ళ పెద్దకాలువకీ, మధ్య సన్నటి గట్టు ఒకటి ఉంది. దాని నిండా తేలుకొండి, ఎండితే కాయలు గలగలమనే గిలిగిచ్చ. ఎవరో దారి కోసం కొంత కోసి పడేశారు. రెండ్రోజులకి ఆ ఎండిన కుప్ప మీద నీలం గీతలవాళ్ళు గుంపుగా వాలడం ఆయన చూశారు.

"పూవు లేదు, తేనె లేదు. మరి యాల వచ్చినారు? వాసనకే. ఇంక దేనికి వస్తారు? నలభై ఏండ్లు వాసన పనే చేస్తిని అమ్మణ్ణీ. నాకు తెలీని సరుకు ఒకటి ఉండాదని తెలిసింది, ముక్కు పోయినాక. దేవుడు ఉండాడో లేడో నాకు తెలీదు, ఉంటే మాత్రం వాడికి ఎకసెక్కం ఎక్కువ."

నేను నమ్మలేదు. నమ్మడం నా వృత్తి కాదు. రంగు చూసి వస్తున్నాయేమో, ఆకారం చూసి వస్తున్నాయేమో అని వాదించాను. ఆయన వాదించలేదు. పాత పంచె చింపి రెండు సంచులు కుట్టించారు. ఒకదాంట్లో ఎండిన తేలుకొండి, ఇంకొకదాంట్లో మామూలు ఎండుగడ్డి. రెండూ ఒకేలా ఉబ్బించి, మూతులు బిగించి, గేటుకి చెరోపక్క కట్టించారు. ఏది ఏదో కూతురికి మాత్రమే తెలుసు. ఆయన కుర్చీలో, నేను మెట్టు మీద.

"పందెమా?" అన్నారు.

"ఏం పందెం?"

"నేను ఓడితే దిష్టి గుమ్మడికాయ కడతాను. నువ్వు ఓడితే వారం దినాలు ఎవురితోనూ జగడం పెట్టుకోకూడదు."

కాఫీ చల్లారేలోపలే మొదటిది వచ్చింది. ఎడమపక్క సంచి చుట్టూ రెండుసార్లు తిరిగి, గుడ్డ మీద వాలి, తొండాన్ని గుడ్డ పోగుల సందుల్లోంచి లోపలికి దూర్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత మూడు. కుడిపక్క సంచి మీద ఒక ఈగ వాలింది. మేస్త్రిగారు కూతురి వైపు చూశారు. ఆమె ఎడమ సంచి వైపు చెయ్యి చూపించి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వారం రోజులు జగడం లేకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలియదు. నాలుగో రోజుకే పందెం తప్పాను.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నా స్నేహితురాలికి ఫోన్ చేస్తే నవ్వింది. మీ మేస్త్రి చెప్పింది నిజమే అంది. ఆ మొక్కల్లో ఆల్కలాయిడ్లనే చేదు విషం ఉంటుంది. ఆకు నలిగినా, వాడినా, ఆ విషం ఆనవాలు వాసనగా గాల్లోకి లేస్తుంది. మగ సీతాకోకచిలుక తన మీసాలతో ఆ వాసన పట్టి, గాలికి ఎదురు వచ్చి, మొక్కని వెతుక్కుంటుంది. తాగిన చేదులో కొంత ఒంట్లో దాచుకుంటుంది; నోట్లో వేసుకున్న పిట్ట ఉమ్మేస్తుంది. ఇంకొంత చేదుని మార్చి ఒక సుగంధం తయారు చేసుకుంటుంది. పొట్ట చివర దాచుకున్న కుంచెలు విప్పి, ఆ సుగంధాన్ని ఆడదాని మీసాల దగ్గర చల్లుతుంది. నచ్చితే ఆడది ఒప్పుకుంటుంది. ముడిసరుకు దొరక్కపోతే సుగంధం లేదు, సుగంధం లేకపోతే చాలాసార్లు పెళ్ళీ లేదు. కలిసినప్పుడు మగది ఆ చేదులో వాటా ఆడదానికి ఇస్తుంది. అక్కణ్ణుంచి అది గుడ్లకి కాపలా వెళుతుంది.

ఇదంతా ఆయనకి వినిపిస్తే, పాత కార్ఖానా కబురు విన్నట్టు సంబరపడ్డారు.

"చూసినావా, మా కసుబే, మా చేతిపనే. సరుకు వెతకాల, తేవాల, కలపాల, ముందర పెట్టాల. మెచ్చేది ఎదుటోళ్ళ పని. బలవంతం లేదు. నీకు నచ్చే సంగతి కదా ఇది?"

"నచ్చింది," అన్నాను. "మనుషుల్లో కూడా ఇలాగే ఉంటే నేను సగం వ్యాసాలు రాసేదాన్ని కాదు."

"రాస్తావు. నీకు ఇంకొకటి దొరుకుతాది."

పువ్వుల మొక్కలు పెట్టినంత మాత్రాన ఎందుకు చాలదో ఆయన ఒక్క ముక్కలో చెప్పేవారు: "తేనె అన్నం. ఇది సరుకు. అన్నం యాడైనా దొరుకుతాది. సరుకు దొరికేది రెండు మూడు గిడాల్లోనే." గిడమంటే మొక్క. ఇంతకంటే తేలిగ్గా ఏ శాస్త్రవేత్త చెబుతాడో నాకు చూపించండి.

మెచ్చుకోలు మాటలు ఆయనకి గిట్టేవి కావు. ఎవరైనా ఫలానా ఊదుబత్తి వాసన మీ చేతి మహిమేనట కదా అంటే విసుక్కునేవారు. "నేను కలిపితిని. చుట్టింది ఎవురు? ఇండ్లల్లో కూర్చోని మెడలు వంగిపోయినట్ల చుట్టిన ఆడోళ్ళు. పెట్టె మీద వాళ్ళ పేరు ఉండాదా? నా పేరూ లేదనుకో. బొమ్మ ఉండాది, దేవుడిది. ఆయప్పా ఒక్క బత్తి చుట్టలేదు." ఇది నేను రాసిన వాక్యం కాదు. నేను రాసి ఉండాల్సిన వాక్యం.

ఇప్పుడు నా నేరం.

మేస్త్రిగారు పరిచయం కావడానికి ఒక నెల ముందు మా అసోసియేషన్‌కి నేనొక ఉత్తరం రాశాను. మూడు పేజీలు. వెనక గట్టు మీద పిచ్చిమొక్కలు పెరిగిపోతున్నాయని, దోమలు ముసురుతున్నాయని, పనివాళ్ళ పిల్లలకి డెంగ్యూ వస్తే బాధ్యత ఎవరిదని. దోమలు పుట్టింది కాలువలో ఆగిన మురుగులో. ఆ మురుగు మా అపార్ట్‌మెంటు పైపులోంచే వస్తోంది. అది కనుక్కునే ఓపిక లేక మొక్కల మీద పడ్డాను. న్యాయం కోసం అరిచేవాళ్ళు కూడా దగ్గర్లో ఉన్నదాన్ని, నోరు లేనిదాన్ని ముందు కొడతారు. రాసేసి మరిచిపోయాను. మా అసోసియేషన్‌లో ఏ ఉత్తరమైనా కదలడానికి రెండేళ్ళు పడుతుంది. ఇది కూడా రెండేళ్ళకి, పోయిన అక్టోబరులో కదిలింది.

పొద్దున్నే మిషన్ చప్పుడు. కిందికి పరిగెత్తేసరికి గట్టు సగం నున్నగా అయిపోయింది. మా సెక్రటరీ హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచి కుర్రాడే, హైదరాబాదు నుంచి వచ్చాడు, ఏ పని చేసినా ప్రెజెంటేషన్ తయారు చేస్తాడు.

"ఆపండి. ఎవరు చెప్పారు మీకు?" అని అరిచాను.

"మేడం, కూల్. మనం ఇక్కడ బటర్‌ఫ్లై గార్డెన్ ప్లాన్ చేశాం. ఫ్లవర్ బెడ్స్, ఒక సెల్ఫీ పాయింట్. కిడ్స్‌కి మస్తు ఉంటది. క్లియరెన్స్ రిక్వెస్ట్ ఇదిగో," అని ఫోన్ చూపించాడు. "ఇది మీ లెటరే కదా మేడం? చాలా స్ట్రాంగ్‌గా రాశారు."

నా సంతకం. నా మూడు పేజీలు. "ఈ అలసత్వం ఇంకెన్నాళ్ళు" అన్న నా వాక్యం.

సందులోకి వెళ్ళి మేస్త్రిగారికి చెప్పాను. నా ఉత్తరం సంగతి కూడా చెప్పాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన స్వెటర్ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"మూడు పేజీలా?" అన్నారు. "ఇంత గిడానికి?"

"అవును."

"సరే. రాసిన చేత్తోనే సంచి పట్టుకో. రా."

పీకిన మొక్కలన్నీ గట్టు పక్కనే కుప్ప పోశారు. ఆయన ఆ కుప్ప చుట్టూ తిరిగి, ఎండిన గిలిగిచ్చ కాయలూ ముదిరిన తేలుకొండి కంకులూ ఏరించారు. నా చేతులు దురదపెట్టాయి. ఆయన ముఖంలో అప్పుడే మొదటిసారి భయం చూశాను. "ఈ నెల వాళ్ళు తిరిగి పోయే నెల," అన్నారు. వానలకి ముందు పడమటి కొండల నుంచి తూర్పుకి వెళ్ళినవాళ్ళు, వానలు వెలిశాక ఈ ఊరి మీదుగానే తిరిగి వెళతారు. "దోవలో అంగడి మూసేస్తే ఎట్ల? వచ్చి చూసి పోతారు. ఇంకొకసారి వస్తారో రారో. నేను ఉంటానో ఉండనో."

మూడో రోజుకి కుప్ప వాడింది. నాలుగో రోజు పొద్దున మా వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. కుప్ప మీద సీతాకోకచిలుకలు. లెక్కపెట్టలేనన్ని. నీలం గీతలవి, మధ్యలో ముదురు గోధుమరంగువి, ఒకదాని మీద ఒకటి, కుప్ప మొత్తం ఊపిరి తీస్తున్నట్టుంది. చచ్చిన మొక్కలు బతికినప్పటికంటే గట్టిగా పిలుస్తున్నాయి. సెక్రటరీ నిచ్చెన వేసి ఫోటోలు తీశాడు. "గార్డెన్ ఇంకా స్టార్ట్ కాకముందే రిజల్ట్స్" అని పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు చెత్త ట్రాక్టర్ వచ్చి కుప్పని ఎత్తుకుపోయింది. ఆ స్థానంలో వరసగా కుండీ పూలు వచ్చాయి, మధ్యలో ఫైబర్ రెక్కలు.

మేస్త్రిగారు ట్రాక్టర్ వెనక నాలుగడుగులు నడిచి ఆగిపోయారు. "చూడు, కొన్ని దాని ఎనకే పోతా ఉండాయి," అన్నారు. నిజంగానే, వెళ్ళే ట్రాక్టర్ మీద పదో పన్నెండో నీలం గీతలు, సర్జాపుర రోడ్డు మలుపు దాకా. అంత కోపంలోనూ ఇద్దరం నవ్వాం. ఊరేగింపులా ఉంది.

ఆ తర్వాత ఆయన కొత్త ఉద్యోగం మొదలైంది. గుడ్డసంచి నిండా గింజలు, బస్సు పాసు, గొడుగు. హెబ్బగోడిలో అద్దెగదిలో ఉండే పాత కార్ఖానా మనిషిని చూడటానికని బయల్దేరి, దిగిన ప్రతి బస్టాపు వెనకా ఒక గుప్పెడు చల్లేవారు. నేనూ వెళ్ళాను చాలాసార్లు. కుందలహళ్ళిలో ఒక ఆఫీసు కంచె పక్కన ఆయన వంగితే సెక్యూరిటీ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "అజ్జా, చీలదల్లి ఏనిదె?" అని, సంచిలో ఏముందో చూపించమన్నాడు. ఆయన సంచి విప్పి గిలిగిచ్చ కాయ ఒకటి తీసి వాడి చెవి దగ్గర ఆడించారు. గలగల. వాడి ముఖం మారిపోయింది. వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు వాడూ ఆడించాడట. ఇంకొకటి అడిగి జేబులో వేసుకున్నాడు.

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర మాత్రం ఇంత మర్యాద దొరకలేదు. గార్డెన్‌కి కంచె వేశాక గట్టు మీదికి వెళ్ళాలంటే మా గేటు దాటాలి. "పాత పేపర్ల మనిషా? సర్వీస్ గేటు అటు," అన్నారు మీలో ఒకరు. సంచి బోర్లించమన్నారు ఇంకొకరు. నేను జగడానికి దిగబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. సంచి బోర్లించారు. గింజలు గేటు ముందు పూల పాదులో పడ్డాయి.

"అయినా చూడు," అన్నారు లోపలికి వచ్చాక, సంచి అడుగున మిగిలినవి గట్టు మీద చల్లుతూ, "అడిగి మరీ చల్లించుకున్నారు."

ఈ ఏడు వానలకి అవి మొలిచాయి. గేటు పాదులో తేలుకొండి, గట్టు మీద ఫైబర్ రెక్కల చుట్టూ గిలిగిచ్చ. కుండీ పూలలో సగం చచ్చిపోయాయి. ఆ మొలకలని చూసే సెక్రటరీ ఈ ఆదివారానికి మిషన్ మాట్లాడాడు. ఈసారి ఉత్తరం నాది కాదు. ఆపమని నేను రాసిన ఉత్తరం ఐదు పేజీలు. దానికి జవాబు రావడానికి రెండేళ్ళు పడుతుంది.

పోయిన సోమవారం, ఆయన పోవడానికి రెండ్రోజుల ముందు, కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మబ్బుగా ఉంది. గేటు కట్ట మీద ఎవరూ లేరు.

"ఈసారి వస్తారంటారా?" అన్నాను.

"వాళ్ళ మీసం మీద నాకు నమ్మకం ఉండాది. మన మిషన్ మీద కూడా ఉండాది. ఏది ముందొస్తాదో."

"ఆదివారం నేను మిషన్‌కి అడ్డంగా పడుకుంటాను."

"పడుకో. దిండు తీసుకోని పో. నువ్వు జగడం ఆడితే శానాసేపు పడతాది."

బుధవారం పొద్దున ఆరు వచ్చాయి. అది చెప్పాను.

శుక్రవారం ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. బంధువులు ఉన్నారు. ఆయన పటం ముందు ఆయన కలిపిన పాతకాలపు ఊదుబత్తి ఒకటే వెలుగుతోంది. మూడు పెట్టెలు మిగిలాయట. గేటుకి కట్ట అలాగే ఉంది. దాన్ని చూసి ఎవరో పెద్దావిడ, పోయినోళ్ళ ఇంటికి ఇట్ల కట్టే ఆచారం మా పక్క లేదే అంటోంది. నవ్వొచ్చింది. ఆయన ఉంటే నన్ను పిలిచి, ఈయమ్మకి ప్రసంగం చెప్పు అనేవారు.

ముందు వాకిట్లో తీగ మీద గోధుమరంగు స్వెటర్ ఆరేసి ఉంది. ఆ ఉదయం చినుకులు పడి తడిసింది, ఇప్పుడు ఎండ వచ్చింది. మేస్త్రిగారి కూతురితో ఆ పెద్దావిడ, "ఆ ఉన్ని బట్ట ఉతికి ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా, ఇంట్లో పెట్టుకోకూడదు," అంది. కూతురు నా వైపు చూసి, స్వెటర్ వైపు కళ్ళతో చూపించింది.

మూడేళ్ళు ఆ చేత్తోనే తేలుకొండి విరిచారు, కట్టలు కట్టారు, గింజలు నలిపారు. స్వెటర్‌కి ఇటుపక్క జేబు, అటుపక్క జేబు, గుండీలు, మెడ, అన్నీ ఖాళీ. కుడిచేతి అంచు మీద మాత్రం, ఆయన ముక్కు పెట్టుకునే ఆ నాలుగంగుళాల చోట, నీలం గీతలవి మూడు వాలి ఉన్నాయి. రెక్కలు మెల్లగా మూస్తూ తెరుస్తూ, తొండాలు ఉన్ని పోగుల్లోకి దించి, తడి పీలుస్తున్నాయి. గాలికి చెయ్యి ఊగింది. అవి లేవలేదు.

ఇక నాకు కావలసినవి.

ఆదివారం మిషన్ రాకూడదు.

గట్టు మీద తేలుకొండినీ గిలిగిచ్చనీ నవంబరు వెళ్ళేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ తర్వాత దారికి అడ్డమొచ్చినవి మాత్రం చేత్తో కోయాలి. కోసినవి అక్కడే ఎండనివ్వాలి. చెత్త ట్రాక్టర్‌కి ఇవ్వకూడదు.

దోమలు వద్దనుకుంటే మన మురుగు పైపు బాగు చేయించాలి.

ఫైబర్ రెక్కలు తీసేయాలి. ఆ చోటు ఖాళీగా వదిలేయాలి.

గేటు దగ్గర ఎవరి సంచీ బోర్లించకూడదు. ఆయన సంచి బోర్లించమన్నవారు ఆ ఇంటికి వెళ్ళి కూతురితో ఒక మాట మాట్లాడాలి.

నా మూడు పేజీల ఉత్తరం చించేయాలి.

ఆ స్వెటర్ ఎవరూ ఉతకకూడదు.